దొరసానికి నీళ్ళు మార్చడం

బేకరీ పైన ఇల్లు,
ఫిబ్రవరి మొదటి వారం.

ఒసే చలిచీమా,

కొంప మునిగింది. నిన్న బజారు నుంచి వస్తుంటే మన దొరసాని నడిరోడ్డు మీద ఆవిరి కక్కింది. ముందు బానెట్ సందుల్లోంచి సన్నగా వస్తే, రోడ్డు పక్క ఎవరో ఆకులు తగలబెడుతున్నారనుకున్నాను. కాసేపటికి అద్దం నిండా కమ్ముకుంది. వెనకున్న లారీ డ్రైవరు దిగొచ్చి, "ఏంటమ్మా, టీ కాస్తున్నారా?" అన్నాడు. వాడి నోట్లో మన్ను పడ! అయినా మంచివాడే, బండి పక్కకి తోసిపెట్టి మరీ వెళ్ళాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నిమ్మకు నీరెత్తినట్టు పేపరు మడిచి, "మీరు కొన్ననాడే అది ముసలిది. ఇంకా ఎన్నాళ్ళు లాగుతారు?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కానీ రాత్రి పడుకున్నాక గుండెల్లో రాయి పడింది.

నీకు తెలియనిదేం కాదు గానీ, భయం వేసినప్పుడు తెలిసినవే మళ్ళీ చెప్పుకోవాలనిపిస్తుంది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పక్కపక్క కుర్చీల్లో కూర్చునే మనిద్దరం కలిసి కారు కొన్నామంటే ఆఫీసంతా నవ్వింది. ఏడాది తిరక్కుండా జుట్లు పట్టుకుంటారన్నారు. పట్టుకున్నాం కూడా, అయినా బండి వదల్లేదు. ఒక ఏడు నీ దగ్గర, ఒక ఏడు నా దగ్గర. ఎండలు ముదరకముందు అప్పగింత. అప్పగించేటప్పుడు ఇద్దరమే బండేసుకుని పది రోజులు ఎటో తిరిగి రావడం, ఎటన్నది పుచ్చుకునేవాళ్ళు చెప్పడం. పిల్లల పెళ్ళిళ్ళకి కూడా ఆ పద్ధతి తప్పలేదు. ఈ ఏడు నీ వంతు. దొరసాని పోతే మన ప్రయాణం పోతుంది. ప్రయాణం పోతే ఇక మనం ఉత్తరాలు రాసుకునే ఇద్దరు ముసలమ్మలం, అంతే.

నువ్వొకసారి రా. ఇంజనులో చెయ్యి పెట్టేది ఎప్పుడూ నువ్వే, నాకు తొక్కడం తప్ప ఏం తెలుసు? ఫోను చేద్దామంటే రిటైరైన రోజు వేసుకున్న ఒట్టు ఉండనే ఉంది. జన్మకి సరిపడా హలోలు అనేశాం.

అన్నట్టు, నీ అక్షరాలేంటే, పోయిన ఉత్తరంలో బ్లాక్‌బోర్డు మీద రాసినట్టు అంతంత ఉన్నాయి?

నీ,
కొలిమి


చెల్లెలి ఇల్లు, రైల్వే గేటు పక్కన,
ఫిబ్రవరి.

ఒసే కొలిమీ,

కొత్త పెన్ను లావుగా రాస్తోంది. అంతే.

నేను రావడం కుదరదు. చెల్లెలికి మోకాలు నొప్పి, నేను కదిలితే ఇల్లు గడవదు. నువ్వే చెయ్యి. నువ్వనుకున్నంత బ్రహ్మవిద్యేం కాదు. నీ మూడేళ్ళ కిందటి వంతులో నీళ్ళు మార్చమని చెప్పాను, "చూద్దాంలే" అన్నావు. ఇప్పుడు చూడు. రేడియేటర్లో మడ్డి చేరి ఉంటుంది, నీళ్ళు తిరగడం లేదు. ఒళ్ళంతా చల్లబరచాల్సిన నీళ్ళే కదలకపోతే ఇంజను ఉడక్క ఏం చేస్తుంది?

బండి పూర్తిగా చల్లారేదాకా మూత జోలికి వెళ్ళకు. వేడి మీద తీశావో, మొహం ఉడికిపోతుంది. మీ ఆయనకి నువ్వు కాస్త అందంగానే ఉండాలి కదా.

రేడియేటర్ అడుగున చిన్న కుళాయి ఉంటుంది. కింద బేసిను పెట్టి తిప్పు. నీళ్ళు రాకపోతే తుప్పు అడ్డం పడిందన్నమాట, సన్నటి తీగతో పొడు. ఇంజను పక్కన కూడా ఒక బిరడా ఉంది, అందరూ మర్చిపోయేది దాన్నే. సగం మురికి అక్కడే దాక్కుంటుంది. వచ్చేవి కూలెంటు మందు కలిసిన నీళ్ళు, తియ్యగా ఉంటాయి గానీ విషం. కింది బేకరీ వాళ్ళ కుక్క దానికి నోరు పెట్టకుండా చూసుకో.

పై గొట్టం మొదట్లో ఇత్తడి బిళ్ళ లాంటిది ఒకటుంటుంది, థర్మోస్టాట్. నీళ్ళు వేడెక్కితే తెరుచుకునే తలుపు అది. తీసి, దారం కట్టి, గిన్నెడు నీళ్ళలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టు. తెరుచుకుంటే ప్రాణం ఉన్నట్టే. మీ ఆయన టీ గిన్నెలో మాత్రం ఈ పని చెయ్యకు.

తర్వాత తోట పైపు తెచ్చి కింది గొట్టంలో పెట్టి, నీళ్ళు కింది నుంచి పైకి తోలు. రోజూ పైనుంచి కిందకి నడిచే దారి కదా, ఎదురు తోస్తేనే మడ్డి కదులుతుంది. తేటగా వచ్చేదాకా ఆపకు. మళ్ళీ నింపేటప్పుడు కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటరు సగం. కుళాయి నీళ్ళు పోస్తే గార కడుతుంది. నెమ్మదిగా పోయాలి. మూత తీసే ఉంచి ఇంజను నడుపు. బుడగలొచ్చి మట్టం దిగుతుంది, దిగినకొద్దీ పోస్తూ ఉండు.

అన్నిటికన్నా ముందు హీటర్ మీట పూర్తిగా వేడి వైపుకి తిప్పి పెట్టు. పూర్తిగా. మర్చిపోకు.

నీ,
చలిచీమ


బేకరీ పైన ఇల్లు,
మార్చి.

చలిచీమా, నా బంగారూ,

చేసేశాను! ఒళ్ళంతా తడిసి, మోచేతులు దోక్కుపోయి, చీపురుపుల్లకి కట్టిన మసిగుడ్డలా ఉన్నాను గానీ చేసేశాను. కింది కుళాయి నువ్వన్నట్టే మొరాయించింది. తీగతో పొడిచాను. ఒక్కసారిగా వచ్చి బేసిను నిండి, నా చెప్పులు నిండి, షెడ్డంతా చెరువైంది. ఆ రంగు చూడాల్సింది, కాగి కాగి నల్లబడ్డ టీ! కుక్కని మా ఆయన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన చేసిన సాయం అదొక్కటే. థర్మోస్టాట్ గిన్నెలో వేలాడదీస్తే నీళ్ళు కాగేవేళకి మెల్లిగా నోరు తెరిచింది. "దీనికైనా వేడెక్కితేనే నోరు లేస్తుంది, నీకు అదీ అక్కర్లేదు" అన్నారు మా ఆయన. అది ఆయన టీ గిన్నేనని చెప్పలేదులే.

హీటర్ మీట పూర్తిగా తిప్పమని రాశావు చూడు, అది చదివి పడీ పడీ నవ్వాను. ఎక్స్‌ఛేంజిలో ఫ్యాను దగ్గర మొదలైన గొడవ! నేను మూడు మీద పెట్టడం, నువ్వు శాలువా కప్పుకుని వచ్చి ఒకటికి దించడం. దొరసానిలో నేను ఆ మీటని చల్లటి వైపు లాగి తాడుతో కట్టేస్తే, నీ వంతు రాగానే విప్పేదానివి. ఇప్పుడు రిపేరు పాఠంలో కూడా దూర్చావన్నమాట! నా వంతు ఇంకా అయిపోలేదు, విప్పను గాక విప్పను. ఈ ఉక్కలో ఇంజను ముందు నిలబడ్డది చాలక హీటరు కూడానా? నేనేమన్నా కింది బేకరీలో రొట్టెనా?

రేపు చెరువు గట్టు దాకా తిప్పి చూసి, ఆ ముక్క కూడా రాసి పోస్టు చేస్తాను.

*

మళ్ళీ రాస్తున్నాను. నిన్న గట్టు ఎక్కుతుండగానే వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. మళ్ళీ అదే ఆవిరి. ఈసారి మెకానిక్కుని పిలిపించాను, మనం బండి డాక్టరు అనేవాడే. మూత తీసి ఇంజను వేస్తే లోపల కుతకుతమని ఆగకుండా బుడగలు. చాలాసేపు చూసి, "అమ్మా, ఇంజను బ్లాకు పగిలినట్టుంది. లోపలి గాలి నీళ్ళలోకి దూరుతోంది. ఈ మోడలుకి వేరే ఇంజను ఎక్కడా దొరకదు" అన్నాడు. నెలాఖరు శనివారం లారీ తెస్తాడట. విడిభాగాలకి పోతుందట.

ఏం చెయ్యమంటావు? నువ్వు వద్దంటే లారీని గుమ్మం తొక్కనివ్వను. చెప్పు.

కొలిమి


రైల్వే గేటు పక్కన,
మార్చి.

కొలిమీ,

చదివాను. పోనీలే. బతికినంత కాలం బాగానే బతికింది. డాక్టరు అంత చూసి చెప్పాక మనం చేసేదేముంది, లారీని రానివ్వు. నువ్వు మనసుకి పెట్టుకోకు.

చలిచీమ


బేకరీ పైన ఇల్లు,
మార్చి.

అమ్మా మహాతల్లీ,

రాంగ్ నంబరు వచ్చినా మనం ఇంతకంటే ఎక్కువ మాట్లాడేవాళ్ళం.

పోనీలేనా? వైపరు ఊడిపోతే రెండు పేజీలు తిట్టినదానివి, ఇంజను పగిలితే పోనీలేనా? నేను నీ దగ్గర్నుంచి తిట్లు వస్తాయనుకున్నాను. "ఆ డాక్టరుకి ఏం తెలుసు, ఆగు, నేను వస్తున్నా" అంటావనుకున్నాను. కవరు చించుతూ మా ఆయనతో, "చూడండి, ఇప్పుడు దీనికి ఏదో మార్గం చెబుతుంది" అని కూడా అన్నాను. చదివి ఆయన చేతికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, మడిచి మళ్ళీ కవర్లో పెట్టేశారు.

నీకు విసుగొచ్చిందా? బండి మీదా, నా మీదా? వస్తే వచ్చిందని చెప్పు. ఇన్నేళ్ళ స్నేహంలో నాతో మొహమాటపడింది ఇదే మొదలు. నాకు బాధగా ఉంది, దాచుకోను. లారీ శనివారం వస్తుంది. షెడ్డులోకి వెళ్ళి ఊరికే దాని సీట్లో కూర్చుని వస్తున్నాను.

కొలిమి


రైల్వే గేటు పక్కన,
గురువారం.

ఒసే కొలిమీ,

ఈ ఉత్తరం మా మరిది చేత పంపిస్తున్నాను, పోస్టుని నమ్ముకుంటే శనివారం దాటిపోతుంది. ఫోను కూడా ఎత్తాను. సగం నంబరు తిప్పి పెట్టేశాను. ఇది నీ గొంతు వింటూ చెప్పగలిగే మాట కాదు.

లారీని రానివ్వకు. బ్లాకు పగల్లేదు. హీటరుకి పోయే నీళ్ళూ ఈ నీళ్ళే. ఆ నీళ్ళు తిరిగే దారిలో అన్నిటికంటే ఎత్తున ఉండేది అదే. మీట మూసి ఉంచి నువ్వెంత కడిగినా అందులో మడ్డి అందులోనే ఉంటుంది. నింపేటప్పుడు గాలి పోయి అక్కడ చిక్కుకుంటుంది. కుతకుతలాడింది ఆ గాలే. నేను మీట తిప్పమన్నది ఫ్యాను గొడవతో కాదే పిచ్చిదానా, పని కోసం. తాడు విప్పు, మీట పూర్తిగా తిప్పు, మళ్ళీ మొదటి నుంచి కడుగు.

విప్పను గాక విప్పనని నువ్వు రాసిన ముక్క చదవగానే నాకు సంగతి తెలిసిపోయింది. తెలిసీ పోనీలే అని రాశాను.

ఎందుకో చెబుతాను. నాకు కళ్ళు సరిగ్గా లేవు. నీటికాసులన్నారు డాక్టరుగారు. ఎదురుగా ఉన్నవి కనిపిస్తాయి, పక్కలు కొద్దికొద్దిగా చీకటవుతున్నాయి. చుక్కల మందు వేసుకుంటే ఉన్న చూపు నిలుస్తుంది, పోయింది రాదు అన్నారు. బండి నడపొద్దన్నారు. నేను వింటానా? చలికాలంలో మరిది కారు తీసుకుని పోస్టాఫీసుకి బయల్దేరాను. సందు మలుపులో సైకిలు మీద ఒక పెద్దాయన. నాకు కనిపించనే లేదు. ఆయన బానెట్ మీద అరచేత్తో కొడితే బ్రేకు వేశాను. దెబ్బేం తగల్లేదు. "చూసుకోవాలమ్మా" అని తన దారిన తను పోయాడు. నేనే బండి ఆపేసి ఆ మలుపులోనే కూర్చుండిపోయాను. చెల్లెలొచ్చి నన్ను ఇంటికి నడిపించుకొచ్చింది. ఆ తర్వాత నేను తాళం ముట్టలేదు.

ఈ ఏడు నా వంతు. నీకెలా చెప్పను? నువ్వు నన్ను తిడితే పడతాను, జాలిపడితే తట్టుకోలేను. ఇంజను పగిలిందని నువ్వు రాయగానే హమ్మయ్య అనిపించింది. బండే లేకపోతే, నడపలేనని ఎవరికీ చెప్పక్కర్లేదు కదా. ఆ పూట నుంచి నాకు ముద్ద దిగలేదు. నీ ఉత్తరం వచ్చాక, సీట్లో కూర్చుని వస్తున్నానన్న చోట ఇక చదవలేకపోయాను. చెల్లెలు చూసి, "అక్కా, కళ్ళల్లో మందు వేసుకున్నావా?" అని అడిగింది.

దొరసానిని నువ్వే ఉంచుకో. నా వంతులు కూడా నీవే. దాన్ని మాత్రం తునకలు కానివ్వకు.

చలిచీమ


బేకరీ పైన ఇల్లు,
ఆదివారం.

ఒసే చలిచీమా,

ముందు దొరసాని సంగతి, తర్వాత నీ సంగతి.

తాడు ముడి బిగుసుకుపోయి ఊడలేదు, మా ఆయన గడ్డం గీసుకునే బ్లేడుతో కోశారు. మీట తిప్పి, పైపు పెట్టి, నీళ్ళు వదిలాను. మొదట ఏమీ రాలేదు. నీ మాట కూడా తప్పైందేమోనని నా ప్రాణం పోయింది. అంతలో లోపల ఎక్కడో గళ్ళుమని, చిక్కటి మడ్డి, తుప్పు పెళ్ళలు, ఇన్నేళ్ళ కసువంతా బయటికొచ్చింది. మూడు బేసిన్లు పట్టింది. "ఇదంతా కడుపులో పెట్టుకుని ఎలా తిరిగిందే!" అన్నారు మా ఆయన. తేటగా వచ్చాక నువ్వు చెప్పినట్టే కూలెంటు కలిపి పోశాను. ఇంజను వేశాక అది భోజనమైన పెద్దమనిషిలా పెద్దగా త్రేన్చింది, నీళ్ళు గబుక్కున దిగాయి. మళ్ళీ పోశాను, మళ్ళీ త్రేన్చింది. ఇక బుడగ లేదు. ముల్లు సగానికి వచ్చి, బుద్ధిగా అక్కడే కూర్చుంది.

లారీ రానే వచ్చింది. బండి డాక్టరు దిగి, చెవి ఒగ్గి విన్నాడు. మూత తీసి చూశాడు. "బుడగల్లేవే! నేను తొందరపడ్డానమ్మా" అని నవ్వేశాడు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెరువు గట్టు ఎక్కించి దించాను, ఎండ నడినెత్తిన ఉండగా. ముల్లు కదిలితే ఒట్టు! కొండని తవ్వి ఎలుకని పట్టారంటారు, మనం గాలిని పట్టాం. లారీ ఖాళీగా పోయింది. గేటు మూసి వచ్చి మంచం మీద పడ్డాను, పొద్దుగూకేదాకా లేవలేదు. అంత హాయిగా నిద్రపోయి ఎన్నాళ్ళైందో.

ఇప్పుడు నీ సంగతి. మీ మరిది గుమ్మంలో నిలబడి ఉండగానే ఉత్తరం చదివి, "బుద్ధి లేదూ!" అని అరిచాను. పాపం, తననే అనుకుని చెప్పులేసుకోబోయాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. జాలితో కాదులే. ఆ సైకిలాయనకి ఏమైనా అయ్యుంటే, నీకేమైనా అయ్యుంటే, ఆ బెంగతో నువ్వొక్కదానివీ ఇన్ని నెలలు ఎలా ఉన్నావోనని. లావు పెన్నుట, లావు పెన్ను! మోకాలు నొప్పిట! నిన్ను కళ్ళారా చూశాక తిట్టాల్సినవి చాలా ఉన్నాయి, దాచిపెట్టుకుంటున్నాను.

పోనీలే అన్నది నువ్వే, లారీని ఆపింది కూడా నువ్వే. నేను రెండోదే గుర్తుంచుకుంటాను.

వంతులన్నీ నాకు రాసిచ్చే దానకర్ణుడి వేషాలు నా దగ్గర వద్దు. వంతంటే నడపడం అని ఎవరు చెప్పారు? ఈ ఏడు దొరసాని నీ గుమ్మం ముందే ఉంటుంది. నెలనెలా రైలెక్కి నేనొస్తాను. ఎటు తిప్పమంటే అటు తిప్పుతాను. మధ్యలో అది మూలపడకుండా మీ మరిది అప్పుడప్పుడు ఇంజను వేసి కదిలిస్తే చాలు, అడిగాను, సరేనన్నాడు. ఇంజనులో చెయ్యి పెట్టేది మాత్రం నువ్వే. ఎదురుగా ఉన్నవి కనిపిస్తాయన్నావుగా.

వచ్చే నెల మొదట్లో బయల్దేరుతున్నాను. పుచ్చుకునేదానివి నువ్వు కాబట్టి ఎక్కడికి వెళ్ళాలో నువ్వే చెప్పు.

నీ,
కొలిమి


రైల్వే గేటు పక్కన,
ఏప్రిల్.

కొలిమీ,

నీ ఉత్తరం చెల్లెలి చేత గట్టిగా చదివించుకున్నాను. తిట్టిన చోటల్లా మళ్ళీ చదవమన్నాను. అది నవ్వలేక చచ్చింది. ఆ పూట ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాను. డాక్టరుగారికి మళ్ళీ చూపించాను, చూపు అక్కడే నిలబడి ఉందన్నారు. ఆ కబురు ముందు నీకే రాస్తున్నాను.

ఎక్కడికన్నావు. పోయిన వంతులో వెళ్ళిన సముద్రం రోడ్డుకే పోదాం. ఆ దారిన పక్షులున్నాయని, పడవలున్నాయని, గట్టు పొడుగునా పసుపు పూలున్నాయని నువ్వు పక్క సీట్లోంచి ఒకటే వాగావు. నాకు తారు రోడ్డు తప్ప ఏమీ తెలియదు, నడిపేదాన్ని కదా. ఈసారి నా సీటు అటు వైపు. అద్దం దించుకుని, మెడ తిప్పి తిప్పి, అన్నీ నేనే చూస్తాను. నువ్వు నోరు మూసుకుని రోడ్డు చూడు.

తొందరగా రా. బండి మాత్రం నెమ్మదిగా నడుపు.

నీ,
చలిచీమ